ఇత్తడి జెట్టులో సూది తీగ

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. ఆస్పత్రిలోనో ఆఫీసులోనో కొత్తగా పనికి చేరిన పిల్లలు మీలో ఎవరన్నా ఉంటే ఇంకాస్త ముందుకు రండి, ఇది మీకోసమే చెబుతున్నాను.

నేను చదివింది అయిదో తరగతి. చేసింది ఆయా పని, ఇరవై ఏడేళ్ళు. ఈ చేతుల మీదుగా ఎన్ని కాన్పులు జరిగాయో చెప్పలేను. కానీ ఉద్యోగంలో మరిచిపోలేనిది ఏంటని ఎవరన్నా అడిగితే నాకు గుర్తొచ్చేది కాన్పు కాదు. ఒక పాత మోటారు సైకిలు. అందులోనూ శనగ గింజంత ఇత్తడి ముక్క.

ఎనభైల్లో మాట. బాపట్లలో చర్చి వాళ్ళ చిన్న ఆస్పత్రి ఒకటి ఉండేది. పన్నెండు మంచాలు. తెల్ల జుట్టు డాక్టరమ్మ గారు, ఇద్దరు నర్సులు, ఒక కాంపౌండర్ గారు, ఒక వాచ్‌మన్, నేను. మంగళవారం, శుక్రవారం ఊళ్ళ మీదికి వెళ్ళి మందులు ఇచ్చే పని కాంపౌండర్ గారిది, నాది. మంగళవారం కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె దాకా. శుక్రవారం సూర్యలంక వైపు బెస్తపల్లెలు.

బండి పూర్వం అక్కడ పని చేసిన తెల్లదొరగారిది. ఆయన దేశం వెళ్ళిపోతూ కాంపౌండర్ గారికి అప్పగించి పోయారట. నల్లటి భారీ బండి. కాంపౌండర్ గారు దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన కళ్ళద్దాలు కూడా తుడుచుకునేవారు కాదు. ఆయన ముందు, నేను వెనక పక్కకు తిరిగి, ఒళ్ళో మందుల పెట్టె. మొదట్లో కర్లపాలెం సెంటర్లో టీ తాగేవాళ్ళు, "ఏమ్మోయ్, బండెక్కి బయల్దేరావ్, ఏ ఊరికి కలెక్టరువి?" అని ఆట పట్టించేవాళ్ళు. "మీ ఊరికేనయ్యా, సూదులేయటానికి" అనేదాన్ని. రెండు నెలలకి వాళ్ళే మా బండి చప్పుడు విని జనాన్ని పోగు చేసేవాళ్ళు.

బండికి ఉన్న జబ్బు చిన్నదే. సముద్రపు గాలికి పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పట్టింది. ఆ తుప్పు నలుసులు కార్బొరేటర్లోకి దిగేవి. అందులో జెట్టు అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. దాని మధ్యన వెంట్రుక దూరేంత బెజ్జం. ఇంజను తాగే పెట్రోలంతా ఆ బెజ్జంలోంచే పోవాలి. నలుసు అడ్డం పడితే బండి దగ్గుతుంది, గింజుకుంటుంది, ఆగిపోతుంది. అప్పుడు కాంపౌండర్ గారు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని జెట్టు విప్పి, దొరగారు నేర్పినట్టు నోటితో ఊదేవారు. ఊది నా చేతికిచ్చేవారు.

"అమ్మాయ్, నీ కళ్ళు మంచివి. ఎండకేసి చూడు, వెలుగు కనబడుతోందా?"

"కనబడుతోందండి."

"అయితే పద."

ఒకసారి ఎంత ఊదినా వెలుగు కనబడలేదు. ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి. మా పెట్టెలో సూది తీగ ఉంది. ఇప్పటి పిల్లలకి అదేంటో తెలియదు. అప్పట్లో ఇంజక్షను సూదులు వాడి పారేసేవి కావు, మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టేవే. సూది లోపల మందు గడ్డకట్టి మూసుకుపోకుండా సన్నటి ఉక్కు తీగ దూర్చి తీసేవాళ్ళం. అది నా పనే. చేరిన కొత్తల్లో ఒక సూది మూసుకుపోయి ఉంటే, ఒక తల్లి చేతికి రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. డాక్టరమ్మ గారు నన్ను పిలిచి, "ఆవిడ చెయ్యి చూడమ్మా" అన్నారు. అంతే. ఆ చెయ్యి నేను ఇంకా మరిచిపోలేదు. ఆ రోజు నుంచి సూదుల విషయంలో నన్ను వేలెత్తి చూపించినవాళ్ళు లేరు.

ఆ అలవాటుతోనే తీగ తీసి జెట్టులో దూర్చాను. నలుసు బయటపడింది. బండి బాణంలా పోయింది. కాంపౌండర్ గారు దారంతా వెనక్కి తిరిగి, "భలేదానివే అమ్మాయ్, దొరగారికి కూడా తట్టలేదు" అన్నారు. ఆయన అలా మెచ్చుకునే మనిషి కాదు. నా ఒళ్ళు పొంగిపోయింది.

ఇక చూడండి నా శ్రద్ధ. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం, బయల్దేరే ముందు జెట్టు విప్పించి తీగ దూర్చి అటూ ఇటూ పదిసార్లు రుద్దేదాన్ని. మూసుకుపోయినా సరే, పోకపోయినా సరే. ఏడాది పైన అలా చేశాను. బండి ఆ తర్వాత ఎప్పుడూ దగ్గలేదు. కాకపోతే నా తెల్లచీర అంచు సైలెన్సరు వైపు నల్లబడటం మొదలెట్టింది. ఎంత ఉతికినా పోయేది కాదు. సబ్బు మంచిది కాదనుకున్నాను.

ఇప్పుడు వాచ్‌మన్ అన్న గురించి చెప్పాలి. ఆయనది స్టూవర్టుపురం. చీరాల దారిలో ఉన్న ఊరు. తెల్లవాళ్ళ కాలంలో కొన్ని కులాలవాళ్ళను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, చుట్టూ కాపలా పెట్టి కాపురం ఉంచిన ఊరు. తెల్లవాళ్ళు పోయారు, ఆ ముద్ర మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. అన్న మాత్రం ఎవరు అడిగినా ఊరి పేరు దాచేవాడు కాదు. పొడుగాటి మనిషి. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను రిక్షాలోంచో ఎద్దుబండిలోంచో రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చేవాడు. తెచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకటే మాట. "భయపడమాకమ్మా, వచ్చేశాం, ఇదిగో గడప." స్ట్రెచరు ఉండేది. దాని చక్రం విరిగి ఏళ్ళయింది. అన్న ఉన్నాడుగా అని ఎవరూ బాగు చేయించలేదు.

నన్ను చెల్లెమ్మా అనేవాడు. మా ఆయన రైసు మిల్లులో బస్తా మోస్తూ నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డప్పుడు, ఆస్పత్రికి తన భుజాన మోసుకొచ్చింది ఈ అన్నే. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చేసిన తప్పు బరువు మీకు తెలియాలి.

బండికి పెట్రోలు చాలటం లేదని కాంపౌండర్ గారు కనిపెట్టారు. సోమవారం పోయిస్తే రెండు ప్రయాణాలకీ వచ్చేది, శుక్రవారం పొద్దున వెదురుపుల్ల ముంచి చూస్తే అడుగంటి ఉంటోంది. పుల్ల మీద బ్లేడుతో గాట్లు పెట్టుకున్నారు ఆయన. బయల్దేరే ముందు ముంచేవారు. తిరిగొచ్చాక ఎండకీ దుమ్ముకీ అలిసి స్నానానికి పోయేవారు. వచ్చిన సాయంత్రం ఒక్కసారి ముంచి చూసి ఉంటే ఈ కథ లేదు.

"మంగళవారానికీ శుక్రవారానికీ మధ్య బండి షెడ్డులోనే ఉంటోంది. పెట్రోలు ఎటు పోతోంది?" అన్నారు ఆయన నర్సులతో.

ఒక నర్సు, "షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉంటదండీ?" అంది.

ఎవరి దగ్గర ఉంటుంది? వాచ్‌మన్ దగ్గరే. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆ ఊరి పేరు చాలింది. నేను కూడా అక్కడే ఉన్నాను, కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు పెడుతూ. "అన్న అలాంటివాడు కాదండి" అని ఒక్క మాట అనొచ్చు. మడతలు పెడుతూనే ఉన్నాను.

కాంపౌండర్ గారు చెడ్డవారు కాదు. పోలీసులకి చెబుదామన్న నర్సును ఆయనే ఆపారు. నెమ్మదిగా తేల్చుకుందాం అన్నారు. ఆ తేల్చుకోవటమే అన్నిటికంటే ఘోరమైంది. బుధవారం పొద్దున అన్నను షెడ్డు దగ్గరికి పిలిచారు.

"రోజూ ఏడింటికి ఇక్కడికొచ్చి నా ముందు నిలబడు. నేను పుల్ల ముంచి చూస్తాను. నువ్వు కూడా చూడు. చూశావని ఈ పుస్తకంలో వేలిముద్ర వెయ్యి. నీకూ మంచిదే, నాకూ మంచిదే."

అన్న ఆ పుస్తకం కేసి చాలాసేపు చూశాడు. "నేను తీయలేదండీ" అన్నాడు, వేలిముద్ర వేశాడు.

గురువారం కూడా నిలబడ్డాడు. పుల్ల మీద తడి నిన్నటి గాటు దగ్గరే ఉంది. షెడ్డులో నిలబెట్టిన బండి పెట్రోలు ఎలా తాగుతుంది? కానీ కాంపౌండర్ గారికి అలా తోచలేదు. వంటగది దాకా వినబడేలా, "చూశావా, నిలబెట్టి కొలవటం మొదలెట్టాక చుక్క తగ్గలేదు!" అన్నారు.

శుక్రవారం ఏడింటికి అన్న రాలేదు. నేను సూదులు ఉడకబెడుతుంటే వంటగది కిటికీ దగ్గరికి వచ్చి తాళం చెవుల గుత్తి లోపలికి పెట్టాడు.

"ఎక్కడికన్నా?"

"ఇంటికి చెల్లెమ్మా."

"నువ్వు తీయలేదని చెప్పొచ్చుగా. గట్టిగా చెప్పు."

"చెప్పాను. తీయలేదండీ అన్నాను. మళ్ళీ చెప్పాల్సి వస్తే అది చెప్పటం కాదు, బతిమాలటం." గుత్తి మీంచి చెయ్యి తీశాడు. "మా నాయన రోజూ పోలీసోళ్ళ ముందు నిలబడి హాజరు ఇచ్చేవాడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి. నేను చిన్నోణ్ణి, ఆయన వెనక నిలబడేవాణ్ణి. ఆయన వేలికి సిరా ఎప్పుడూ ఆరేది కాదు. మా ఇంటికి ఆ హాజరు చాలు చెల్లెమ్మా."

ఎడమచేతి బొటనవేలు నాకు చూపించాడు. సిరా ఉంది. అంతే, గేటు దాటి రైలు స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

అన్న పోయిన మర్నాడు కూడా పెట్రోలు తగ్గింది. శుక్రవారం సూర్యలంక వైపు వెళ్ళొచ్చాం కదా మరి. కాంపౌండర్ గారు, "మారు తాళం చేయించుకుని ఉంటాడు" అన్నారు. మనసు ఒకసారి ఒక దారి పట్టాక దాన్ని వెనక్కి తిప్పటం ఎంత కష్టమో చూడండి. ఇక దొంగకి ఏమీ మిగల్చకూడదని, ఆ మంగళవారం ఆయన ఒక ఉపాయం చేశారు. ట్యాంకు నింపలేదు. ఊరు దాటేటప్పుడు బంకులో, రేపల్లె వెళ్ళి రావటానికి ఎప్పుడూ సరిపోయేంత మాత్రమే పోయించారు.

తిరిగి వస్తుంటే చెరుకుపల్లి ఇంకా రాకముందే బండి ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ. రెండు వైపులా కోసిన చేలు. నేను జెట్టు మూసుకుపోయిందనుకుని తీగ బయటికి తీశాను. ఆయన ట్యాంకు మూత తీసి పుల్ల ముంచారు. పుల్ల పొడిగా వచ్చింది. మళ్ళీ ముంచారు. మళ్ళీ పొడిగానే వచ్చింది.

"అమ్మాయ్, పొద్దున్నుంచి మనం బండి దగ్గర్నుంచి కదిలామా?"

"లేదండి. రేపల్లెలో కూడా మనం మందులిచ్చే అరుగు ముందే ఉందండి."

"మరి ఎవరు తాగారు?"

ఆయన ముందు హ్యాండిలు పట్టుకున్నారు, నేను వెనకనుంచి తోశాను. మందుల పెట్టె సీటు మీద. చెరుకుపల్లి దాకా అలాగే తోసుకెళ్ళాం. ఆ భారీ బండి తోస్తుంటే నాకు రిక్షాలోంచి ఆడవాళ్ళను ఎత్తుకొచ్చే అన్న చేతులు గుర్తుకొస్తూనే ఉన్నాయి.

ఆ బుధవారం మందులు తేవటానికి తెనాలి వెళ్ళాల్సి ఉంది. బండి మీదే వెళ్ళాం. అక్కడ మార్కెట్టు వెనక ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు, పాత బండ్లంటే ప్రాణం. ఆయన ముందుగా నా చీర అంచు చూశాడు, తర్వాత ప్లగ్గు విప్పాడు. అది కాటుక పిడతలా ఉంది.

"మీ బండి ఆకలిగా లేదండీ, అజీర్తిగా ఉంది" అని నవ్వి, జెట్టు విప్పి బల్బుకేసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. డబ్బాలోంచి కొత్త జెట్టు తీసి రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. పాతదాని బెజ్జం కొత్తదాని కంటే ఎంత పెద్దదో నా కళ్ళకి తెలిసిపోయింది.

"దీంట్లో తీగ పెట్టిందెవరండీ?"

"ఎవరూ పెట్టలేదే. ఈ అమ్మాయి శుభ్రం చేస్తుంది, అంతే" అన్నారు కాంపౌండర్ గారు.

"దేంతో చేత్తావమ్మా?"

పెట్టె తెరిచి సూది తీగ చూపించాను. ఆయన తల కొట్టుకోలేదు, తిట్టలేదు. నెమ్మదిగా అడిగాడు. "ఆస్పత్రి మనిషివిగా, నువ్వే చెప్పు. సూది బెజ్జం పెద్దదైతే మందెక్కువ పోద్దా, తక్కువ పోద్దా?"

"ఎక్కువండి."

"ఇదీ అంతే. తీగ ఉక్కుది, జెట్టు ఇత్తడిది. రుద్దే కొద్దీ అరిగిద్ది. దీన్ని నోటితో ఊదాలి తల్లీ, పొడవకూడదు. నీ చేతి చలవ, ఏడాది నుంచి మీ బండి రెండు బండ్ల తిండి తింటంది. అరగని పెట్రోలే మసై నీ చీర అంచుకి పట్టింది."

దొరగారు నోటితో ఎందుకు ఊదేవారో నాకు అప్పుడు తెలిసింది.

తిరుగు దారిలో ఊరి బయట కాంపౌండర్ గారు బండి ఆపారు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"అమ్మాయ్. ఇది మన ఇద్దరి మధ్యనే ఉండనీ. పోయినవాడు ఎలాగూ పోయాడు. డాక్టరమ్మకి తెలిస్తే నీ పని ఉంటుందో ఊడుతుందో చెప్పలేను. నీ మగడు మంచంలో ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆలోచించుకో."

ఆ మాటలో నా మీద జాలి ఉంది. తన పరువు గురించిన భయం కూడా ఉంది. రెండూ నిజమే. నేను తలూపాను. పాత జెట్టు నా చేతిలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో వేశాను. రోజూ బియ్యం తీసేటప్పుడు వేళ్ళకి తగిలేది. వినండి పిల్లలూ. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ నా ఇంట్లో అన్నం ఉంది, పొయ్యి వెలిగింది, మా ఆయన మందులు వేసుకున్నాడు. మామూలుగానే గడిచింది. తప్పు చేసిన ఇల్లు కూలిపోతుందనుకుంటాం కానీ, అలా ఏం జరగదు. అదే భయంగా ఉండేది నాకు.

పదో రోజు పొద్దున ఒక కాన్పు కేసు వచ్చింది. అప్పికట్ల వైపు మనిషి, రెండో కాన్పు. కొత్త వాచ్‌మనూ రిక్షా అతనూ చెరో వైపు పట్టుకుని దింపబోతే నొప్పికి కేక పెట్టి, "పోయినసారి ఎత్తుకొచ్చిన అన్న ఏడమ్మా? ఆ అన్నను పిలవండి" అంది.

నర్సు పక్కనుంచి, "ఆ దొంగోడా? పెట్రోలు తీసి పోయాడులే" అంది.

ఆ పిల్ల ముఖం చూడాలి మీరు. అంత నొప్పిలోనూ ఆశ్చర్యపోయింది. "ఆయన దొంగా?" అంది. నమ్మేసింది. నా కళ్ళముందే నమ్మేసింది. తనను చేతుల మీద మోసిన మనిషిని!

మా ఆస్పత్రిలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక, పని చేసేవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆ వారంలో తమకు జరిగిన మేలు ఒకటి చెప్పాలి. నా వంతు ఎప్పుడూ రెండు మాటల్లో అయిపోయేది. మా ఆయన కూర్చోగలుగుతున్నాడు, పిల్ల పరీక్ష పాసయింది, అంతే. ఆ శనివారం జెట్టు పిడికిట్లో పట్టుకుని లేచి నిలబడ్డాను. కాంపౌండర్ గారు నా పిడికిలి చూశారు. నేల చూపులు చూశారు.

"నాకు జరిగిన మేలు కాదండి. నేను చేసిన కీడు చెబుతాను" అని పిడికిలి విప్పాను.

మొత్తం చెప్పాను. తీగ, ఇత్తడి, చీర అంచు, తెనాలి, బియ్యం డబ్బా. నర్సు ఏడ్చింది. డాక్టరమ్మ గారు జెట్టు అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పైకెత్తి, కిటికీ వెలుగులో చూశారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"అతన్ని నేను పొమ్మనలేదు" అన్నారు చివరికి. "పోతుంటే ఆపనూ లేదు. రోజూ వేలిముద్ర వేయిస్తున్నారని విన్నాను, ఊరుకున్నాను. కాబట్టి నిన్ను తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యాలి." తర్వాత కాంపౌండర్ గారి వైపు తిరిగి, "ఇవాళే మీరిద్దరూ వెళ్ళి అతన్ని పిలుచుకు రండి" అన్నారు.

స్టూవర్టుపురంలో అన్న ఇల్లు వెతకటం కష్టం కాలేదు. ఆయన ఇంటి ముందు నులక మంచం అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, కూర్చోమన్నాడు. వదిన చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. కాంపౌండర్ గారు చేతిలో చెంబు పట్టుకుని నిలబడ్డారు, తాగలేదు. చెప్పాల్సింది నేనే చెప్పి, జెట్టు అన్న చేతిలో పెట్టాను.

అన్న దాన్ని సూర్యుడికేసి పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు.

"ఇంత బెజ్జంలోంచా చెల్లెమ్మా, నా పరువు పోయింది?"

నవ్వుతున్నాడో ఏంటో నాకు తెలియలేదు. కాంపౌండర్ గారు చెంబు కేసే చూస్తూ అన్నారు. "తప్పయిపోయింది. పనిలోకి రా. డాక్టరమ్మ గారే పంపారు."

"రానండి. చీరాలలో పని దొరికింది. పనికేం లోటు లేదు." మళ్ళీ కూర్చుని నులక చేతిలోకి తీసుకున్నాడు. "అయినా నేను దొంగను కాదని నాకు చెప్పటానికి ఇంతదూరం వచ్చారేంటండీ? నాకు తెలుసుగా. తెలియనోళ్ళకి చెప్పండి."

"ఎవరికి చెప్పమంటావ్ అన్నా?" అన్నాను.

"ఆ మాట ఎందాక పోయిందో అందాకా."

జెట్టు నాకు తిరిగి ఇచ్చేశాడు. కాంపౌండర్ గారు అప్పుడు చెంబెత్తి నీళ్ళు తాగారు.

ఆ మాట ఎందాక పోయింది? బాపట్ల నుంచి రేపల్లె దాకా, ఇటు సూర్యలంక దాకా. ఎందుకంటే మోసుకెళ్ళింది మేమే. వాచ్‌మన్ ఏడీ అని అడిగిన ప్రతి ఊళ్ళోనూ కాంపౌండర్ గారు చెప్పారు, నేను పక్కన నిలబడి విన్నాను. ఇప్పుడు అదే బండి మీద, అదే రోడ్డున, వెనక్కి తీసుకోవాలి.

మొదటి మంగళవారం కర్లపాలెంలో జనం పోగయ్యాక ఆయన గొంతు సవరించుకుని, "మొన్న పెట్రోలు విషయంలో కొంచెం పొరపాటు..." అని నసిగారు.

నేను వెనకనుంచి, "దొంగ అన్నామని చెప్పండి సార్" అన్నాను.

"దొంగ అన్నాం. అతను తీయలేదు. బండే తాగింది."

టీ కొట్టు ముందున్న ముసలాయన పకపకా నవ్వాడు. "ఏంటీ, బండే తాగిందా? మా ఊళ్ళో మనుషులే తాగుతారనుకున్నాం కాంపౌండర్ గారో!"

అందరూ నవ్వారు. కాంపౌండర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ నవ్వే మాకు సాయం చేసింది. వట్టి క్షమాపణ అయితే మరుసటి రోజుకి మరిచిపోయేవాళ్ళు. తాగుబోతు బండి కథ మాత్రం మా కంటే ముందు చెరుకుపల్లి చేరింది. రానురాను ఆయనే దాన్ని రుచిగా చెప్పటం నేర్చుకున్నారు. ఎన్నిసార్లు చెప్పినా చివర్లో మాత్రం నవ్వకుండా ఆగి, "ఆ మనిషిని రోజూ నా ముందు నిలబెట్టి వేలిముద్ర వేయించాను" అనేవారు. అది చెప్పమని నేనెప్పుడూ గుర్తుచేయాల్సి రాలేదు. చెడ్డమాట పాకటానికి రెండు వారాలు చాలింది. దాన్ని ఏరటానికి మాకు ఏడాది పట్టింది.

అన్న తిరిగి పనిలోకి రాలేదు. స్ట్రెచరుకి కొత్త చక్రం వేయించారు.

తొంభైల్లో, కాంపౌండర్ గారు పోయాక, బండి పక్కన పడేశాక, ఒక పొద్దున నేను గేటు దగ్గర మందులు దింపించుకుంటున్నాను. రిక్షాలో నెలలు నిండిన పిల్ల, పక్కనే నడుస్తూ ఒక పొడుగాటి ముసలాయన. అప్పుడున్న వాచ్‌మన్ చేరి ఆరు నెలలే అయింది, రేపల్లె వైపువాడు.

"ఏ ఊరండీ?"

"స్టూవర్టుపురం బాబూ. కోడలికి నొప్పులు."

ఆ మాట విని వాచ్‌మన్ ముఖం ఎలా మారుతుందోనని మందుల పెట్టెలు వదిలేసి చూశాను. అతను స్టూలు మీంచి లేచాడు.

"ఒరే నాయనా, ఆ తాగుబోతు బండి వాచ్‌మన్ అన్న మీ ఊరోడేగా! నా చిన్నప్పుడు మా ఊరొచ్చి చెప్పేవోళ్ళు. ఏ పాపం ఎరగనోడి చేత వేలిముద్ర ఏయించారంట. ఉన్నాడా ఆయన?"

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను.

"ఉన్నాడు" అన్నాడు. తర్వాత రిక్షాలోకి వంగి, అరవై దాటిన చేతులతో కోడల్ని ఎత్తుకున్నాడు. స్ట్రెచరు తెస్తానన్నా వినలేదు. "భయపడమాకమ్మా, వచ్చేశాం, ఇదిగో గడప" అంటూ లోపలికి నడిచాడు. మగపిల్లాడు పుట్టాడు. బొడ్డు నేనే కోశాను.

ఆ జెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బియ్యం డబ్బాలోనే. మా పిల్లలు వద్దన్నా తీయను. రోజూ వేళ్ళకి తగలాలి.

చాలాసేపు కూర్చున్నారు, ఇక లేవండి. మీ ఇంటి పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. మీ ఇంట్లో ఆడపిల్లల్ని అవసరానికి ఎత్తుకునే చేతులు ఎప్పుడూ దగ్గర్లో ఉండాలి. మీ గడప ముందుకొచ్చిన మనిషికి, ఏ ఊరని అడిగే ముందు చెంబుతో నీళ్ళు అందే ఇల్లు మీదవ్వాలి. చల్లగా ఉండండి.